పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఏ పెట్టె ఏదో సర్వర్‌కు తెలిసేదెలా?

ప్రశ్న: మా సంస్థకు ఒకే నమూనాకు చెందిన 60 డెస్క్‌టాప్ కంప్యూటర్లు వచ్చాయి. వాటన్నిటిలో లినక్స్‌ను నెట్‌వర్క్ ద్వారా, ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండా ఇన్‌స్టాల్ చేయాలని ఏర్పాటు చేశాను. పీఎక్స్‌ఈ బూట్ (డిస్కు బదులు నెట్‌వర్క్ నుంచి మొదలవడం) అవుతోంది, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టిన జవాబుల ఫైలు కూడా అందుతోంది. అయితే ఒక్కో కంప్యూటర్‌కు దాని పేరు, దాని ఐపీ చిరునామా, దాని ప్రింటర్ విడివిడిగా రావాలి. అన్నీ ఒకే అచ్చున ఉన్నప్పుడు ఏది ఏదో సర్వర్‌కు ఎలా చెప్పాలి? మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే సంఖ్య) ఒక్కటీ సరిపోతుందా?

జవాబు: ఇన్‌స్టాల్ చేసే రోజు వరకు సరిపోతుంది. ఆ తరువాత కూడా సరిపోవాలంటే మీరు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: పేరు పెడుతున్నది దేనికి? ‘ల్యాబ్-17’ అన్నది పదిహేడో బల్లకు పేరా, ఆ బల్ల మీద ఇవాళ కూర్చున్న పెట్టెకు పేరా, లేక ఆ పెట్టెలోని నెట్‌వర్క్ కార్డుకు పేరా? మొదటి రోజున ఈ మూడూ ఒకేచోట ఉంటాయి కాబట్టి తేడా ఎవరికీ కనిపించదు. కొన్ని నెలలు గడిచాక ఒక పెట్టెలో మదర్‌బోర్డు మారుతుంది, మరో రెండు పెట్టెలు గదులు మారతాయి, అప్పుడు మీ పట్టికలోని 17 ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. మ్యాక్ చిరునామా కార్డును గుర్తిస్తుంది, సీరియల్ నంబరు పెట్టెను గుర్తిస్తుంది, స్విచ్ పోర్టు చోటును గుర్తిస్తుంది. ఈ రంగంలో తలెత్తే చిక్కుల్లో చాలా భాగం ఒకదాన్ని గుర్తించే ఆనవాలుతో మరొకదాన్ని గుర్తించబోవడం వల్ల వచ్చేవే.

ఇక సర్వర్‌కు ఎప్పుడు ఏది కనిపిస్తుందో చూద్దాం. కంప్యూటర్ ఆన్ కాగానే దాని ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్) తనకో చిరునామా కావాలని డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలు పంచే పద్ధతి) ద్వారా నెట్‌వర్క్ మొత్తానికి వినిపించేలా అడుగుతుంది. ఆ అభ్యర్థనలో కార్డు మ్యాక్ చిరునామా, అంటే 48 బిట్ల సంఖ్య, తప్పనిసరిగా ఉంటుంది. పీఎక్స్‌ఈ ఫర్మ్‌వేర్ అయితే దానితోపాటు 97వ ఆప్షన్‌లో (ఆప్షన్ అంటే అభ్యర్థనలో అంకె వేసిన ఒక గడి) 128 బిట్ల యూయూఐడీని, అంటే పెట్టెకు తయారీదారు ఇచ్చే ప్రత్యేక సంఖ్యను, 93వ ఆప్షన్‌లో తాను ఏ రకం యంత్రమో చెప్పే సంఖ్యను పంపుతుంది. ఆ సంఖ్య 0 అయితే పాత బయోస్, 7 అయితే 64 బిట్ల యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరం ఫర్మ్‌వేర్. ఈ ఆప్షన్లను 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4578 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వివరిస్తుంది. సీరియల్ నంబరును పంపడానికి ఈ ఆప్షన్లలో చోటు లేదు. అందువల్ల మొదటి పలకరింపులో సర్వర్ చేతికి దొరికేవి మ్యాక్, యూయూఐడీ మాత్రమే. సీరియల్ నంబరు తెలియాలంటే ఇంకో అడుగు వేయాలి.

మీరు పీఎక్స్‌ఈలైనక్స్ అనే బూట్ లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చి మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) వాడుతున్నట్లయితే, అది తన కాన్ఫిగరేషన్ ఫైలును వెతికే వరసలోనే ఈ గుర్తింపు ఇమిడి ఉంది. మొదట యూయూఐడీ పేరుతో ఫైలు ఉందా అని అడుగుతుంది, తరువాత మ్యాక్ పేరుతో, ఆ తరువాత తనకు వచ్చిన ఐపీ చిరునామాను ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెలుగా మార్చి ఆ పేరుతో, దొరక్కపోతే చివరి అంకెను ఒక్కొక్కటిగా తీసేస్తూ ఒక్క అంకె మిగిలేదాకా, ఆఖరున ‘డిఫాల్ట్’ అనే పేరుతో అడుగుతుంది. మొత్తం మీద 11 ప్రయత్నాలు. ఇక్కడ కొత్తవారు తరచుగా తడబడేది మ్యాక్ ఫైలు పేరు దగ్గరే: చిరునామా 08:00:27:12:34:56 అయితే ఫైలు పేరు 01-08-00-27-12-34-56 కావాలి. కోలన్ల స్థానంలో అడ్డగీతలు ఉండాలి, అక్షరాలుంటే అవి చిన్నబడిలో ఉండాలి, ముందు ఈథర్‌నెట్ రకాన్ని తెలిపే 01 ఉండాలి. ఆ 01 మరిచిపోయి, సర్వర్ పాడైందని రెండు గంటలు లాగ్ చదివినవారిలో నేనూ ఒకణ్ణి.

సీరియల్ నంబరు కావాలంటే బూట్ లోడర్‌గా ఐపీఎక్స్‌ఈని వాడడం తేలిక. అది పెట్టెలోని ఎస్ఎంబయోస్ పట్టికను (ఫర్మ్‌వేర్ ఆ పెట్టె వివరాలు రాసి ఉంచే చోటును) చదివి సీరియల్ నంబరు, ఆస్తి ట్యాగ్, యూయూఐడీలను చరరాశులుగా ఇస్తుంది; వాటిని వెబ్ చిరునామాలో చేర్చి ‘ఈ సీరియల్ నంబరుకు తగిన జవాబుల ఫైలు ఇవ్వు’ అని మీ సర్వర్‌ను అడగవచ్చు. రెడ్‌హ్యాట్ కుటుంబపు ఇన్‌స్టాలర్‌లో మరో మార్గం ఉంది. బూట్ వరుసలో సెండ్‌ఎస్‌ఎన్ పరామితి చేర్చితే అది కిక్‌స్టార్ట్ ఫైలును (అక్కడ జవాబుల ఫైలు పేరు ఇదే) అడిగేటప్పుడు హెచ్‌టీటీపీ హెడర్‌లో సీరియల్ నంబరును, సెండ్‌మ్యాక్ చేర్చితే మ్యాక్ చిరునామాలను పంపుతుంది. సర్వర్ వైపు చిన్న స్క్రిప్టు ఆ హెడర్‌ను చూసి పట్టికలో సరైన వరుసను వెతికి, పేరూ చిరునామా నింపి ఫైలును అక్కడికక్కడే తయారుచేసి ఇస్తుంది. 60 ఫైళ్లు చేత్తో రాసిపెట్టుకోవడం కంటే ఇది నయం, ఎందుకంటే 60 ఫైళ్లలో ఒక దిద్దుబాటు చేయవలసి వస్తే 59 ఫైళ్లలో మాత్రమే చేయడం మానవ స్వభావం.

నా సలహా ఇది: ఒక్కో పెట్టెకు ఒక వరుస, ఆ వరుసకు సీరియల్ నంబరే తాళంచెవి, మ్యాక్‌లూ యూయూఐడీ పక్క గడుల్లో. ఒక పెట్టెకు మ్యాక్‌లు రెండు మూడు ఉండవచ్చు కాబట్టి ఆ గడిలో అన్నిటికీ చోటుండాలి. చోటు వేరే గడి, అది మారుతూ ఉంటుంది. పేరు చోటుకే కావాలనుకుంటే, అంటే ఏ పెట్టె తెచ్చి పెట్టినా పదిహేడో బల్లది 17 కావాలనుకుంటే, అప్పుడు స్విచ్‌ను సాక్షిగా తీసుకోండి. డీహెచ్‌సీపీ అభ్యర్థన తన గుండా వెళ్తున్నప్పుడు స్విచ్ అది ఏ పోర్టు నుంచి వచ్చిందో 82వ ఆప్షన్‌లో రాసి పంపగలదు. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3046 దీనికి ఆధారం. అయితే గోడలోని ప్లగ్గుకూ స్విచ్ పోర్టుకూ మధ్య ఉన్న ప్యాచ్ వైర్లను ఎవరూ సరదాకు మార్చరన్న భరోసా మీకుండాలి. ఆ భరోసా ఉన్న చోట్లను నేను తక్కువగానే చూశాను.

మ్యాక్ చిరునామాలను పట్టికలోకి ఎక్కించే పని మాత్రం పెట్టె వెనక అంటించిన స్టిక్కర్లను చూసి చేయకండి. ఒకసారి మేము అలాగే చేశాం. ఒకరు వంగి చదువుతుంటే మరొకరు టైపు చేశారు. ఒక స్టిక్కర్ మీద 8 అన్న చోట బీ అని విన్నందువల్ల ఆ కంప్యూటర్ పట్టికలో లేనిదైపోయింది. దాన్ని సరిచేసే తొందరలో ఆ వరుసను కిందిదానితో కలిపేశాం, మరునాడు పని చేస్తున్న ఒక కంప్యూటర్ తనంతట తానే రీఇన్‌స్టాల్ అయి కూర్చుంది. ఆనవాళ్లను యంత్రం నోటనే చెప్పించాలి. తెలియని కంప్యూటర్ బూట్ అయినప్పుడు డిస్కును ముట్టుకోకుండా మెమరీలోనే నడిచే చిన్న లినక్స్‌ను దానికి ఇచ్చి, దాని సీరియల్ నంబరు, యూయూఐడీ, అన్ని కార్డుల మ్యాక్‌లు, డిస్కు పరిమాణం సర్వర్‌కు పంపించమనండి. స్విచ్‌లు ఎల్‌ఎల్‌డీపీ (పక్క యంత్రానికి తమ పేరూ పోర్టూ చెప్పే సందేశం) పంపుతుంటే తాను ఏ పోర్టులో ఉందో కూడా ఆ చిన్న లినక్స్ విని చెబుతుంది. ఆ సందేశం మామూలుగా 30 సెకన్లకు ఒకసారి వస్తుంది కాబట్టి కనీసం అంతసేపు ఆగాలి. ఫోర్‌మన్, మాస్ వంటి పనిముట్లు చేసేది సుమారుగా ఇదే: ముందు నమోదు, తరువాత మనిషి ఆమోదం, ఆ తరువాతే ఇన్‌స్టాలేషన్.

రెండు జాగ్రత్తలు చెప్పి ఈ జవాబు ముగిస్తాను. పెట్టెలో రెండు కార్డులుంటే ఫర్మ్‌వేర్ ఒక కార్డు నుంచి బూట్ అయి, ఇన్‌స్టాలర్ రెండో కార్డును ఎంచుకొని, వైరు లేని ఆ కార్డు దగ్గర నిలబడిపోతుంది. పీఎక్స్‌ఈలైనక్స్‌లో ఐపీఅపెండ్ 2 అన్న అమరిక పెడితే, బూట్ అయిన కార్డు మ్యాక్‌ను బూట్‌ఇఫ్ అన్న పరామితిగా ఇన్‌స్టాలర్‌కు అందిస్తుంది. రెండోది మరీ ముఖ్యం. పట్టికలో లేని కంప్యూటర్‌కు, అంటే ‘డిఫాల్ట్’ ఫైలు దాకా వచ్చినదానికి, సర్వర్ ఇచ్చే జవాబు ‘నీ డిస్కు నుంచే బూట్ అవు’ అనో, పైన చెప్పిన నమోదు లినక్స్ అనో మాత్రమే ఉండాలి. డిస్కును తుడిచే ఇన్‌స్టాలర్‌ను డిఫాల్ట్‌గా పెట్టడం ఎంత సౌకర్యంగా ఉన్నా పెట్టవద్దు. ఇన్‌స్టాలేషన్ ముగిసిన కంప్యూటర్‌ను పట్టికలో ‘అయింది’ అని గుర్తు పెట్టే పని కూడా జవాబుల ఫైలు చివరి ఆదేశమే చేయాలి. లేకపోతే నెట్‌వర్క్ బూట్ మొదటి స్థానంలో ఉన్న పెట్టె రీబూట్ అయిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

ప్రశ్న: డీహెచ్‌సీపీ సర్వర్ లాగ్‌లో ఒకే కంప్యూటర్‌కు ఒక గంటలో రెండు, ఒక్కోసారి మూడు ఐపీ చిరునామాలు ఇచ్చినట్లు కనిపిస్తోంది. మ్యాక్ మాత్రం ఒక్కటే. సర్వర్‌కు మతిమరుపా?

జవాబు: సర్వర్‌కు మతిమరుపు లేదు, ఆ కంప్యూటరే మూడు పేర్లతో పరిచయం చేసుకుంటోంది. డీహెచ్‌సీపీలో 61వ ఆప్షన్‌గా క్లయింట్ ఐడెంటిఫయర్ అని ఒకటుంది. అది వచ్చినప్పుడు సర్వర్ మ్యాక్‌ను కాక దాన్నే అసలు గుర్తుగా తీసుకోవాలి. ఫర్మ్‌వేర్ ఒక రూపంలో, ఇన్‌స్టాలర్ మరో రూపంలో, ఇన్‌స్టాల్ అయిన ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో రూపంలో దాన్ని పంపినప్పుడు సర్వర్ దృష్టిలో వారు ముగ్గురు వేర్వేరు అతిథులు. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4361 ఈ గుర్తును డీయూఐడీ (యంత్రం తనకోసం తయారుచేసుకునే స్థిరమైన గుర్తు) ఆధారంగా తయారుచేయమని చెప్పిన తరువాత ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడసాగింది. చిరునామాల నిల్వ తక్కువగా ఉన్న నెట్‌వర్క్‌లో ఇది నిజంగా ఇబ్బందే. ఇన్‌స్టాలేషన్ల జోరులో చిరునామాలు అయిపోయి మిగతా పెట్టెలు బూట్ కాకుండా నిలిచిపోతాయి.

కియా అనే డీహెచ్‌సీపీ సర్వర్‌లో మ్యాచ్-క్లయింట్-ఐడీ అన్న అమరికను ‘ఫాల్స్’ చేస్తే అది క్లయింట్ ఐడెంటిఫయర్‌ను పక్కనపెట్టి మ్యాక్ ఒక్కటే చూస్తుంది. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే మరో సర్వర్‌లో ఒక్కో యంత్రానికి అలా చెప్పవచ్చు. సర్వర్ మీ చేతిలో లేకపోతే కంప్యూటర్ వైపు మార్చండి: నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ అమరికల పనిముట్టు) వాడే ఉబుంటులో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫయర్ విలువగా ‘మ్యాక్’ అని రాస్తే సరి. ఇన్‌స్టాలేషన్‌కు వాడే చిరునామాల లీజు గడువును తగ్గించడం కూడా మేలే.

ప్రశ్న: ఒక వర్చువల్ మెషీన్‌ను చక్కగా అమర్చి, దాన్నే అచ్చుగా పెట్టుకొని పది కాపీలు తీశాను. మ్యాక్‌లు పదీ వేర్వేరుగానే ఉన్నాయి, అయినా అన్నిటికీ ఒకే ఐపీ చిరునామా వస్తోంది. ఇదెలా సాధ్యం?

జవాబు: పై జవాబు మీకూ సగం వర్తిస్తుంది. అక్కడ ఒకే యంత్రం మూడు గుర్తులు చెప్పింది. మీ దగ్గర పది యంత్రాలు ఒకే గుర్తు చెబుతున్నాయి. సిస్టమ్‌డీ (సేవలను మొదలుపెట్టి నడిపే వ్యవస్థ) వాడే లినక్స్‌లో ఈటీసీ డైరెక్టరీలో మెషీన్-ఐడీ అనే ఫైలు ఉంటుంది, అందులో 32 హెక్సాడెసిమల్ అంకెల ఒక సంఖ్య ఉంటుంది. దాని నెట్‌వర్క్ భాగమైన సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ తన డీయూఐడీని ఆ సంఖ్య నుంచే పుట్టిస్తుంది. అచ్చుతోపాటు ఆ ఫైలు కూడా కాపీ అయింది కాబట్టి పదింటి గుర్తూ ఒక్కటే, సర్వర్ కూడా నిజాయితీగా అందరికీ ఒకే చిరునామా ఇచ్చింది.

అచ్చు తీసేముందు మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి. తీసివేయవద్దు, సున్నా బైట్ల ఫైలుగా మిగల్చండి. తరువాతి బూట్‌లో ప్రతి కాపీ తన సంఖ్యను తానే పుట్టించుకుంటుంది. వార్ డైరెక్టరీ కింద డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) కోసం అదే సంఖ్య మరో చోట విడి ఫైలుగా ఉండవచ్చు, అది మెషీన్-ఐడీకి లంకెగా ఉందో లేదో చూసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను (దూరం నుంచి లాగిన్ అయ్యేవారికి సర్వర్ తన గుర్తింపుగా చూపే కీలను) కూడా తీసేయండి. పది సర్వర్లు ఒకే రహస్య కీతో తిరగడం ఐపీ చిరునామాల గొడవ కంటే ప్రమాదకరం, అయినా అది కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కీలు మళ్లీ వాటంతట అవే తయారవుతాయా అన్నది డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి ఉంటుంది కాబట్టి ఒక కాపీలో ముందు సరిచూసుకోండి. విండోస్‌లో ఇదే పనిని సిస్‌ప్రెప్ అనే పనిముట్టులోని జనరలైజ్ ఎంపిక చేస్తుంది.

ప్రశ్న: మా పలుచని ల్యాప్‌టాప్‌లకు నెట్‌వర్క్ పోర్టు లేదు. ఒకే యూఎస్‌బీ అడాప్టర్‌ను ఒకదాని తరువాత మరొకదానికి తగిలించి ఇన్‌స్టాల్ చేస్తున్నాం. మొదటిది బాగా నడిచింది, రెండోదాన్ని సర్వర్ మొదటిదే అనుకుంటోంది.

జవాబు: మ్యాక్ చిరునామా కార్డుదని మొదటి జవాబులో అన్నాను, మీ విషయంలో ఆ కార్డు ఏ పెట్టెలోనూ లేదు, మీ జేబులో ఉంది. ఊరంతా ఒకే గొడుగు కింద వంతులవారీగా నడుస్తుంటే గొడుగును చూసి మనిషిని గుర్తుపట్టినట్లుంటుంది. ఇలాంటి చోట మ్యాక్‌ను గుర్తింపు నుంచి పూర్తిగా తప్పించి యూయూఐడీ లేదా సీరియల్ నంబరు మీద ఆధారపడాలి. మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్ వాడేవారు ఉమ్మడిగా తిరిగే అడాప్టర్ల మ్యాక్‌లను పరిగణించవద్దని దానికి జాబితాగా ఇవ్వవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్‌లో మ్యాక్ పాస్‌త్రూ అన్న అమరిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, దానికి తగిన డాక్ లేదా అడాప్టర్ వాడినప్పుడు ల్యాప్‌టాప్ తన సొంత మ్యాక్‌నే బయటికి చూపుతుంది. మీ అడాప్టర్‌కు అది పనిచేస్తే అదృష్టమే.

పేరును సీరియల్ నంబరు నుంచి తయారుచేయాలనుకుంటే ఒక హద్దు గుర్తుంచుకోండి: విండోస్ కంప్యూటర్ పేరు నెట్‌బయోస్ అనే పాత నెట్‌వర్క్ పద్ధతి పుణ్యమా అని ఇప్పటికీ 15 అక్షరాలకే పరిమితం. డెల్ సర్వీస్ ట్యాగ్‌కు 7 అక్షరాలే కాబట్టి ముందు మీ సంస్థ పొట్టిపేరు చేర్చినా ఇబ్బంది లేదు. వర్చువల్ మెషీన్ల సీరియల్ నంబర్లు మాత్రం బారెడు పొడుగుంటాయి. కత్తిరించక తప్పనప్పుడు ముందు భాగాన్ని కత్తిరించి చివరను ఉంచండి, తేడాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ప్రశ్న: డీహెచ్‌సీపీ సర్వర్ చూపే యూయూఐడీకీ, అదే కంప్యూటర్‌లో డీఎంఐడీకోడ్ అనే ఆదేశం చూపే యూయూఐడీకీ పొంతన లేదు. పైగా మా దగ్గర నాలుగు పెట్టెలకు యూయూఐడీ ఒక్కటే ఉంది.

జవాబు: మొదటిదానికి కారణం బైట్ల వరస. ఎస్ఎంబయోస్ 2.6 ప్రమాణం ప్రకారం యూయూఐడీలోని మొదటి మూడు భాగాలను తిరగేసి చదవాలి, మిగతావి ఉన్నదున్నట్లు చదవాలి. ఒక పనిముట్టు అలా చదివి, మరొకటి అంతా వరసగా చదివితే ఒకచోట 00112233-4455-6677 అని, మరోచోట 33221100-5544-7766 అని కనిపిస్తుంది. మీ రెండు సంఖ్యలనూ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి, చివరి 16 అంకెలు కలిస్తే సంగతి ఇదే. పట్టికలో ఏదో ఒక రూపాన్నే ఉంచి, పోల్చేముందు రెండోదాన్ని ఆ రూపంలోకి మార్చుకోండి.

రెండోది తయారీదారు బద్ధకం. విడిభాగాలుగా అమ్మే చౌక మదర్‌బోర్డుల్లో 03000200-0400-0500-0006-000700080009 అన్న యూయూఐడీ తరచుగా కనిపిస్తుంది. వరసగా పేర్చిన ఆ అంకెలను చూస్తేనే అది నింపకుండా వదిలేసిన గడి అని తెలుస్తుంది. సీరియల్ నంబరు గడిలోనూ ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనో ‘డిఫాల్ట్ స్ట్రింగ్’ అనో ఉంటుంది. మదర్‌బోర్డు మార్చిన టెక్నీషియన్ పాత సీరియల్ నంబరును కొత్త బోర్డులోకి ఎక్కించడం మరిచిపోయినా గడి ఖాళీగానే మిగులుతుంది. అందువల్ల మీ స్క్రిప్టులో ఇలాంటి దొంగ విలువల జాబితా ఒకటి ఉండాలి. అవి ఎదురైతే మ్యాక్‌ను ఆశ్రయించాలి. ఇంకొకటి, లినక్స్‌లో రూట్ కాని వినియోగదారుకు సీరియల్ నంబరు చదివే అనుమతి ఉండదు. స్క్రిప్టుకు ఏమీ రాకపోతే తయారీదారును తిట్టుకునే ముందు అది చూసుకోండి.

ప్రశ్న: పపెట్ (ఇన్‌స్టాల్ అయిన కంప్యూటర్లను ఒకే సర్వర్ నుంచి అమర్చే పనిముట్టు) ద్వారా కాన్ఫిగర్ చేస్తున్నాం. ఒక కంప్యూటర్‌ను రీఇన్‌స్టాల్ చేశాక అదే పేరుతో వచ్చినా సర్వర్ దాన్ని రానివ్వడం లేదు. ఆటోసైన్ (కంప్యూటర్ అడగగానే దాని సర్టిఫికెట్ మీద సర్వరే సంతకం చేసేయడం) పెడితే పని సులువవుతుందని సహోద్యోగి అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: సర్వర్ చేస్తున్నది తన ధర్మమే. ఇన్‌స్టాలేషన్ సమయంలో కంప్యూటర్‌ను దాని లోహాన్ని బట్టి గుర్తించాం. కాన్ఫిగరేషన్ దశకు వచ్చేసరికి దాని చేతిలోని కీని బట్టి గుర్తిస్తున్నాం. డిస్కు తుడిచినప్పుడు పాత కీ పోయింది, కొత్త ఏజెంట్ (కంప్యూటర్‌లో నడిచే పపెట్ భాగం) కొత్త కీ తయారుచేసుకుంది, సర్వర్ దగ్గర మాత్రం ఆ పేరుతో పాత సర్టిఫికెట్ ఉంది. పాతదాన్ని సర్వర్‌లో తొలగించి, కొత్త అభ్యర్థన మీద సంతకం చేస్తే సరిపోతుంది. ఆ తొలగింపును రీఇన్‌స్టాల్‌కు ఆమోదం ఇచ్చే మెట్టులోనే చేర్చుకోండి. అన్సిబుల్ అనే ఇలాంటి పనిముట్టు వాడేవారికి ఇదే సంగతి ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ మారిందన్న హెచ్చరికగా ఎదురవుతుంది.

ఆటోసైన్ అంటే, పేరు చెప్పినవారందరినీ నమ్మడం. పేరు ఎవరైనా చెప్పవచ్చు, మ్యాక్‌ను ఎవరైనా ఒక్క ఆదేశంతో మార్చుకోవచ్చు, సీరియల్ నంబరు పెట్టె వెనకే అచ్చువేసి ఉంటుంది. ఇవి కంప్యూటర్లను వేరుచేసి చూడడానికి పనికొచ్చే ఆనవాళ్లే తప్ప రహస్యాలు కావు. బూట్ ఫైళ్లను అందించే టీఎఫ్‌టీపీ పద్ధతిలో అడిగినవారెవరో చూసే ఏర్పాటు అసలే లేదు. కాబట్టి మ్యాక్‌ను చూసి ఇచ్చే జవాబుల ఫైలులో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ గానీ, డొమైన్‌లో చేరే ఖాతా వివరాలు గానీ ఉంచవద్దు. బదులుగా, మనిషి ఆమోదించిన క్షణంలో ఆ ఒక్క కంప్యూటర్ కోసం ఒక్కసారే పనికొచ్చే టోకెన్ పుట్టించి, కొద్ది నిమిషాల గడువుతో జవాబుల ఫైలులో పెట్టండి. పపెట్‌లో విధానం ఆధారంగా సంతకం చేసే ఆటోసైన్ కూడా ఉంది. సర్టిఫికెట్ అభ్యర్థనలో ఆ టోకెన్ ఉందా, దానికి గడువు మిగిలి ఉందా, అది ఇంతకుముందు వాడినదా అని మీరు రాసిన చిన్న ప్రోగ్రామే తేలుస్తుంది. పెట్టెల్లో టీపీఎం (కీలను భద్రంగా దాచే) చిప్ ఉంటే, మొదటి నమోదులోనే దాని ఎండార్స్‌మెంట్ కీ (చిప్‌కు పుట్టుకతో వచ్చే కీల జత) బహిరంగ భాగాన్ని పట్టికలో సీరియల్ నంబరు పక్కన రాసిపెట్టుకోండి. రహస్య భాగం చిప్ దాటి బయటికి రాదు కాబట్టి పైవాటిలో కాపీ కొట్టడానికి వీలులేని ఆనవాలు అదొక్కటే. మదర్‌బోర్డు మారిస్తే అదీ మారిపోతుంది, ఆ వరుసను మళ్లీ నమోదు చేయాలి.